య-వత్తు పోయిన కార్డు

ముందు ఒక ఫిర్యాదు. అది చెప్పకుండా మిగతా సంగతుల్లోకి వెళ్లలేను. మిగతావన్నీ దాని వెనకే వచ్చాయి.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటూ, నాట్యం చేసే పిల్లలకు దుస్తులు కుట్టి, ముఖాలకు రంగు వేసి, జడలు అల్లి, నగలు కట్టి బతికిన మనిషిని. ఈ పనులన్నిటినీ కలిపి మా రంగంలో ఆహార్యం అంటారు. వేదిక మీద ఆ పిల్ల ఒంటి మీద కనిపించేదంతా ఆహార్యమే. శాస్త్రం చదివినవాళ్లు అది అభినయంలో ఒక భాగమని గొప్పగా చెబుతారు. కార్యక్రమం ముగిశాక మైకులో మాత్రం మృదంగం వారికి, వయొలిన్ వారికి, చివరికి కుర్చీలు వేసిన వారికి కూడా కృతజ్ఞతలు చెప్పి దిగిపోతారు. మేము గ్రీన్‌రూములో పిన్నీసులు ఏరుకుంటూ వింటూ ఉంటాం.

నేను కుట్టిన దుస్తుల్లో సగం పద్మజ గారి పిల్లలవే. ఆవిడ కూచిపూడి నేర్పే టీచరు. చాలా ఏళ్లు అడగ్గా అడగ్గా ఒక వార్షికోత్సవానికి కార్డులో నా పేరు వేయించారు. కార్డు చేతికొచ్చింది. కళ్లజోడు పెట్టుకుని ఒకసారి చదివాను, తీసేసి ఒకసారి చదివాను. "ఆహారం: శ్రీమతి సామ్రాజ్యం" అని ఉంది. య-వత్తు ఎగిరిపోయింది.

"ఒక్క వత్తే కదండీ సామ్రాజ్యం గారూ, ఎవరు చూస్తారు?" అన్నారు పద్మజ గారు.

అందరూ చూశారు. ఆ సాయంత్రం నేను నగల పెట్టె చంకన పెట్టుకుని హాల్లోకి అడుగు పెట్టగానే మొదలైంది.

"ఏమండీ, సామ్రాజ్యం గారంటే మీరేనా? టిఫిన్లు ఏ పక్కండీ?"

"మా బాబుకి కారం పడదండీ, చూసి పెట్టించండి."

ఒక తాతగారైతే, "పోయినసారి ఉప్మాలో ఉప్పెక్కువైందమ్మా. ఈసారైనా జాగ్రత్తగా చూసుకో" అని, నేను చెయ్యని ఉప్మాకు నన్ను మందలించి వెళ్లారు.

మండిపోతూ గ్రీన్‌రూములోకి వచ్చాను. పిల్లలంతా అప్పటికే నా దగ్గర పనిచేసే అమ్మాయిల చేత రంగులు వేయించుకుని బొమ్మల్లా వరసగా కూర్చుని ఉన్నారు. ముఖ్య అతిథి ఇంకా ఇంట్లోనే ఉన్నారట. బాలకృష్ణుడి వేషం వేసిన చిన్నపిల్ల ఒకతి పిల్లనగ్రోవి ఒళ్లో పెట్టుకుని గోడకు ఒరిగింది.

"ఏం తిన్నావే?" అన్నాను.

"పొద్దున పాలు."

"తర్వాత?"

"తర్వాత లిప్‌స్టిక్ వేశారాంటీ."

ఆ పిల్ల తినే పదార్థాల పేర్లు చెప్పినట్టే చెప్పింది. పెదవులకు రంగు పడితే ఇక ఏదీ నోట్లో పెట్టకూడదని మా దగ్గర అందరికీ తెలిసిన నియమం. ఇంతకీ వీళ్లకు మధ్యాహ్నం ఎవరు పెట్టారని అడిగాను. తల్లులు టీచరు గారు పెడతారనుకున్నారు. టీచరు గారు తల్లులు పెట్టి పంపారనుకున్నారు. ఇంటి నుంచి వచ్చిన డబ్బాలు సంచుల్లోనే ఉన్నాయి.

నాకు పంతం వచ్చింది. ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటరు నుంచి ఇడ్లీలు తెప్పించి, తడిగుడ్డతో వరసగా అందరి పెదవులూ తుడవడం మొదలుపెట్టాను. పద్మజ గారు పరిగెత్తుకొచ్చారు.

"ఇప్పుడేంటండీ ఇది? చీఫ్ గెస్ట్ బయల్దేరారట!"

"కార్డు మీరు వేయించిందే కదండీ. ఆహారం నాది. అది అయ్యాకే ఆహార్యం."

ఆ రోజు నుంచి నా గ్రీన్‌రూములో నియమం మారింది. తినని పిల్లకు పెదవులు వెయ్యను.

అప్పారావు గారి ప్రశ్న

నిజానికి ఈ బుద్ధి నాకు ముందే ఉండాలి. నాకు పని నేర్పిన అప్పారావు గారు నాటకాల మేకప్ మనిషి. పిసినారి, కోపిష్టి. చాలాకాలం నన్ను ముఖం ముట్టుకోనివ్వలేదు, బ్రష్షులు కడిగించారు. అది నేను మర్చిపోలేదు. కానీ ఆయన కుర్చీలో ఎవరు కూర్చున్నా, రాజు వేషమైనా బంటు వేషమైనా, చేతికి రంగు తీసుకునే ముందు "ఏం తిన్నావురా?" అని అడిగేవారు. పెరుగన్నం అంటే తల ఊపేవారు. ఏం లేదంటే లేపి పంపించేవారు. అది ఆయన చాదస్తమని అప్పట్లో నవ్వుకున్నాం. లైట్ల వేడికి, ముఖం మీద పూసిన పూతకి, ఒంటి మీద బరువుకి ఖాళీ కడుపు తట్టుకోలేదని ఆయన ఎంతోమంది పడిపోగా చూసి తెలుసుకున్నారు.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిలు నా దగ్గరకు వచ్చి, ఏ కంపెనీ ఫౌండేషన్ వాడాలండీ, ఏ లైనర్ నిలుస్తుందండీ అని అడుగుతారు. అవి షాపువాడు చెబుతాడు. నేను చెప్పేది మాత్రం ఆయన అడిగిన ప్రశ్నే. అది అడిగి, జవాబు విని, ఆ తర్వాతే బ్రష్షు పట్టుకోండి.

వీళ్ల రోజు ఎలా గడుస్తుందంటే

మీ కొలతల టేపు ముందు నిలబడే పిల్ల ఉత్త డాన్సు పిల్ల కాదు. చీకటితో లేచి కోచింగ్ కాలేజీ బస్సెక్కిన పిల్ల. మధ్యాహ్నం డబ్బాలో సగం తిని, సగం టెస్టు ఉందని మూసేసిన పిల్ల. కాలేజీ నుంచి ఆటోలో తిన్నగా క్లాసుకు వస్తుంది. దారిలో బండి మీద పునుగులో నూడుల్సో తింటే గెంతేటప్పుడు డొక్కలో పట్టేస్తుంది. తినకపోతే కళ్లు తిరుగుతాయి. ఇంటికి వెళ్లాక హోంవర్కు, ఆ పైన ఆకలి చచ్చిపోయాక అన్నం, ఆ పైన ఫోను. ఇంట్లో తిండికి లోటు ఉండదు, వీళ్లకే తినే వేళ ఉండదు.

ఇక నీళ్ల సంగతి. ఇది బయటివాళ్లకు తెలియదు. దుస్తులు ఒకసారి బిగించాక బాత్‌రూముకు వెళ్లాలంటే వడ్డాణం, కుచ్చిళ్లు, కొక్కేలు అన్నీ విప్పాలి. అందుకని పిల్లలు మధ్యాహ్నం నుంచే నీళ్లు మానేస్తారు. విజయవాడ ఎండల్లో! నేను కింది భాగానికి వెనక కొక్కేలు తీసేసి, పిల్ల ఒక్కతే విప్పుకుని కట్టుకునేలా బొందు పెట్టి కుట్టడం మొదలుపెట్టాను. అదేదో నేరం అయినట్టు పద్మజ గారు దాన్ని తిప్పి తిప్పి చూశారు.

"ఇది నాట్యానికి కుట్టారా, బాత్‌రూముకి కుట్టారా?"

"రెంటికీనండీ" అన్నాను.

అందరూ నవ్వారు. ఆ నవ్విన వాళ్లెవరో నాకు గుర్తుంది. ఇప్పుడు ఊళ్లో ప్రతి టైలరూ అలాగే కుడుతున్నాడు. ఎవరు మొదలుపెట్టారని ఎవరూ అడగలేదు.

బిగించమన్న పిల్ల

ఎదిగే పిల్లలకు కుట్టేటప్పుడు నడుము దగ్గర, పక్కల దగ్గర లోపలి మడతలో గుడ్డ వదిలి కుడతాం. పిల్ల పెరిగేకొద్దీ ఆ కుట్లు విప్పి వదులు చేస్తాం. నా జన్మలో నాకు ఎక్కువగా వినిపించిన మాట, "వదులు చెయ్యండి ఆంటీ." ఆ మాట వింటే నాకు సంతోషం. నా చేతిలో గుడ్డ ఉంది, పిల్ల ఒంట్లో ఎదుగుదల ఉంది అనిపిస్తుంది.

జాహ్నవి దగ్గర ఇది తలకిందులైంది. ఆ పిల్లది ఇబ్రహీంపట్నం. తండ్రి కరెంటు ప్లాంటులో ఉద్యోగి. తల్లి లలిత గారు, నాయనమ్మ ఇంట్లోనే ఉంటారు. ఇంటర్ చదువుతూ రంగప్రవేశానికి తయారవుతోంది. రంగప్రవేశం అంటే తెలుసుగా, పిల్ల మొదటిసారి ఒక్కతే వేదికంతా తనదిగా చేసుకుని ఆడే రోజు. దానికోసం గన్నేరుపువ్వు రంగు పట్టుచీర తెచ్చి నా చేతిలో పెట్టారు. కొలతలు ఇచ్చేటప్పుడు ఆ పిల్ల ఒక్క నిమిషం నిలబడలేదు. నా సంచిలో ఉన్న సజ్జప్పాలు అడక్కుండా తీసుకుని తినేసింది. "ఆంటీ, మీరు చేశారా? ఇంకోటుందా?" అంది.

దుస్తులు అయ్యాయి. కొన్ని వారాలకు బిగించమని తెచ్చారు. కొలత నేనే తప్పు తీశానేమోనని విసుక్కుంటూ బిగించాను. మళ్లీ తెచ్చారు. ఈసారి పిల్లకు తొడిగి చూశాను. వడ్డాణం చివరి కొక్కేనికి వేసినా జారిపోతోంది. నడి ఎండాకాలంలో నిండు చేతుల చొక్కా వేసుకుని వచ్చింది.

"చలేస్తోందా?"

"ఏసీ పడదాంటీ."

"మా ఇంట్లో ఏసీ ఎక్కడుందే?"

చొక్కా చేతులు ఇంకా కిందికి లాక్కుంది. సజ్జప్పాల డబ్బా మూత తీసి పక్కన పెట్టాను. అటు చూడలేదు. అటు చూడకుండా ఉండడానికి కష్టపడుతోందని తెలుస్తూనే ఉంది.

లలిత గారు మాత్రం మురిసిపోతున్నారు. "మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అడుగుతున్నారండీ, ఏం డైట్ చేయిస్తున్నారని."

"ఏం చేయిస్తున్నారు?"

"నేనేం చేయించట్లేదండీ. దానంతట అదే."

"అయితే నేను బిగించను" అన్నాను.

"అదేంటండీ? రంగప్రవేశం దగ్గరకొచ్చేస్తోంది!"

"దీనికి సరిపడా మీ పిల్ల పెరగాలండీ. మీ పిల్ల తగ్గినప్పుడల్లా ఇది తగ్గదు. డాక్టరుకి చూపించండి."

"మా పిల్లకి దిష్టి పెట్టకండి సామ్రాజ్యం గారూ" అని సంచి లాక్కున్నారు.

సాయంత్రానికల్లా పద్మజ గారు ఫోను. "మీకెందుకండీ ఇవన్నీ? మీ పని సూది వరకేనండీ."

సూది వరకే. ఆ మాట నాకు సూదిలాగే దిగింది. సరే, దిగితే దిగింది. బిగించలేదు. దాన్ని వన్‌టౌన్‌లో ఇంకొకరి దగ్గరికి తీసుకుపోయి బిగింపించుకున్నారు.

ఉపవాసాలు

నా దగ్గర మిగిలిపోయిన నగల కోసం జాహ్నవి నాయనమ్మ వచ్చారు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. ఆవిడ మనవరాలి గురించి చెబుతుంటే కళ్లు మెరుస్తున్నాయి.

"ఈ కాలంలో ఇంత భక్తి ఎవరికుందమ్మా! సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకి, ఏకాదశి సరేసరి. మంగళవారం కూడా మొదలెట్టింది."

"మిగతా రోజులండీ?"

"మిగతా రోజులు ఆకలి లేదంటుంది" అని ఆగిపోయారు. కాఫీ గ్లాసు పక్కన పెట్టారు. ఆ మాట ఆవిడ పైకి అనడం అదే మొదటిసారి అనుకుంటా.

ఇది మన ఇళ్లలోనే జరిగే పొరపాటు. పిల్ల అన్నం వద్దంటే నాలుగు అంటించి కూర్చోబెడతాం. ఉపవాసం అంటే మాత్రం కళ్లకద్దుకుంటాం. ఆ సందు ఎక్కడుందో పిల్లలకు బాగా తెలుసు. నాకు ఆ పెద్దావిడ మీద కోపం రాలేదు. నేను కోపం రాలేదని చెప్పిన సందర్భాలు తక్కువ, కాబట్టి నమ్మండి.

పళ్లెం

కూచిపూడిలో ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు ఆనించి, తాళానికి తగ్గట్టు ఆ పళ్లాన్ని కదుపుతూ ఆడే భాగం ఒకటుంది. రంగప్రవేశంలో జనం ఎదురు చూసేది దానికోసమే. ఆ రిహార్సలుకు నన్ను పిలవలేదు. పిలవలేదని తెలిసే వెళ్లాను, వేరే పిల్లల కొలతలు తీయాలన్న సాకుతో.

జాహ్నవి పళ్లెం ఎక్కింది. కాసేపు చక్కగా కదిలింది. తర్వాత పళ్లెం ఆగింది, తాళం ఆగలేదు. పిల్ల నెమ్మదిగా దిగి, కింద కూర్చుని, పక్కకు ఒరిగిపోయింది. అందరికంటే ముందు పరిగెత్తింది పద్మజ గారే. తల ఒళ్లో పెట్టుకుని "జాహ్నవీ, జాహ్నవీ" అంటున్నారు.

పిల్ల కళ్లు తెరిచి, "ఇంకొంచెం తగ్గితే పళ్లెం బాగా కదులుతుంది కదా మేడం" అంది.

"ఎవరు చెప్పారమ్మా నీకు?"

"మీరే కదా."

పద్మజ గారు ఎప్పుడూ క్లాసులో ఒక మాట అనేవారు. పళ్లెం మీద నిలబడాలంటే పళ్లెం ముందు కూర్చోవడం తగ్గించాలర్రా అని. అన్నప్పుడల్లా పిల్లలు నవ్వేవాళ్లు. నేను కూడా అక్కడుండగా విన్నాను. ఆ మాట అందరి మీదా పడి జారిపోయింది, ఒక్క పిల్ల మాత్రం దాన్ని పాఠంతో పాటు నేర్చుకుంది.

ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ నన్ను చూసి "ఈవిడెవరు?" అన్నారు. "కాస్ట్యూమ్స్ కుట్టే ఆవిడండీ" అన్నారు లలిత గారు. "అయితే బయట కూర్చోమనండి." కూర్చున్నాను. ఆ బెంచీకి ఒక కాలు పొట్టి. లోపల డాక్టరమ్మ ఏం చెప్పారో లలిత గారు తర్వాత ఏడుస్తూ చెప్పారు. ఇది మొండితనం కాదు, జబ్బు. నెలసరి ఆగిపోయి చాలా రోజులైంది, పిల్ల చెప్పలేదు. తిట్టినా, బతిమాలినా, టానిక్కు పట్టినా పోయేది కాదు. ఒంటికి వైద్యం కావాలి, మనసుకూ కావాలి, నిదానంగా కావాలి. అప్పటిదాకా నాట్యం ఆపాలి.

వెళ్లేటప్పుడు డాక్టరమ్మ నా దగ్గర ఆగారు. "బిగించనన్నది మీరేనటగా? మంచి పని చేశారు. కానీ ఇకమీదట సన్నబడ్డావనీ, ఒళ్లొచ్చిందనీ ఏ పిల్లతోనూ అనకండి. రెండూ అనొద్దు." అది సగం పొగడ్త. సగమే తీసుకున్నాను. కానీ ఆ సలహా పూర్తిగా తీసుకున్నాను, మీరూ తీసుకోండి. టేపు పట్టుకున్న మనిషి నోటి నుంచి వచ్చే మాట పిల్ల ఇంటి దాకా మోసుకుపోతుంది.

రంగప్రవేశం వాయిదా పడింది. కార్డులు పంచేశాక ఆపడం ఎంత అవమానమో ఆ ఇంటివాళ్లకే తెలుసు. ఆ వారంలోనే పద్మజ గారు మా ఇంటికి వచ్చారు. అన్నేళ్లలో మా గుమ్మం తొక్కడం అదే మొదలు. కుర్చీలో అంచున కూర్చున్నారు.

"ఆ పళ్లెం మాట నాది కాదండీ. మా గురువుగారు నాతో అన్నారు. నేను నవ్వాను. నాలాగే అందరూ నవ్వుతారనుకున్నాను."

"మీరప్పుడు ఏం తినేవారండీ?" అన్నాను.

కొంగు చివర వేలికి చుట్టుకున్నారు. తర్వాత, "క్లాసుకి వెళ్లేముందు ఏమీ తినేదాన్ని కాదు. మంచినీళ్లు తాగి కొంగుతో కడుపు బిగించి కట్టుకునేదాన్ని" అన్నారు.

సూది మాట తీసి ఆవిడ ముందు పెట్టాలనే ఉంది. పెట్టలేదు. లోపలికి వెళ్లి పెరుగన్నంలో ఇంత మాగాయ వేసి తెచ్చి చేతికిచ్చాను. తిన్నారు.

నంజుకోవడానికి

పిల్ల పళ్లెం వంక ఎవరూ చూడని చోటు ఒకటి ఉంటే మంచిదని డాక్టరమ్మ అన్నారట. ఇంట్లో అందరూ ముద్ద ముద్దకూ కళ్లు పెట్టుకుని కూర్చుంటున్నారు. అందుకని ఆదివారాలు లలిత గారు జాహ్నవిని మా ఇంట్లో దింపి వెళ్లేవారు, గజ్జెలు గుచ్చడానికి, పాత దుస్తులకు కొక్కేలు కుట్టడానికి అని చెప్పి. "దిష్టి అన్నానండీ ఆ రోజు" అని గుమ్మంలో ఆగారు. "గుర్తుందండీ" అన్నాను. అంతకంటే ఏమంటాను?

మధ్యాహ్నం ఇద్దరికీ వడ్డించేదాన్ని. పప్పు, దొండకాయ వేపుడు, పెరుగు. తిను అని అనలేదు. అటు చూడలేదు. కానీ అన్నం ముందు నోరు మూసుకుని కూర్చోవడం నాకు చేతకాదు. గోడ వంక చూస్తూ నా గోడు చెప్పుకునేదాన్ని.

ఒకరోజు శాలువా సంగతి చెప్పాను. ఒక సభలో నన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. చిలకపచ్చ రంగు, ఎర్ర అంచు. దిగి కుర్చీలో కూర్చున్నానో లేదో కార్యదర్శి వచ్చి చెవిలో, "అమ్మా, కార్పొరేటరు గారు లేటుగా వచ్చారు, శాలువాలు తగ్గాయి, ఒక్కసారి ఇస్తారా?" అన్నాడు.

"ఇచ్చేశారా ఆంటీ?" అంది జాహ్నవి.

"లాక్కున్నాడే! మడత కూడా పెట్టకుండా తీసుకెళ్లి ఆయనకి కప్పాడు. నా ఒంటి వేడి కూడా చల్లారలేదు."

ఫక్కుమని నవ్వింది. నోట్లో అన్నం ఉంది. ఆ అన్నాన్ని నేను గమనించినట్టు కనిపించకుండా, ఆ కార్పొరేటరు గారి మీసాల గురించి ఇంకో నాలుగు మాటలు చెప్పాను.

ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ, కంచం ముందు కూర్చోగానే అడిగేది. "శాలువా కథ చెప్పండి ఆంటీ." "య-వత్తు కథ చెప్పండి." "బెంచీ కాలు పొట్టి కథ." నేను మర్చిపోని అవమానాలు నా దగ్గర చాలా ఉన్నాయి, దేవుడి దయ వల్ల. వాటికి ఇన్నాళ్లకు గిరాకీ వచ్చింది.

"మీ ఫిర్యాదులు నంజుకోవడానికి బాగుంటాయి ఆంటీ" అంది ఒకసారి.

"ఆవకాయ అనుకున్నావా?"

"ఆవకాయ కంటే ఘాటు."

అన్ని ఆదివారాలూ అలా గడవలేదు. కొన్నిసార్లు అన్నం కలిపి, ముద్దలు చేసి, వరసగా పెట్టి వదిలేసేది. ఎంత మంచి అవమానం చెప్పినా పని చేసేది కాదు. ఆ రోజు కంచం మౌనంగా తీసేసేదాన్ని. వైద్యం చేసింది డాక్టర్లు, ఓపిక పట్టింది తల్లి. నేను కబుర్లు చెప్పాను. ఇది కూడా ఒప్పుకుంటున్నాను, రేపెవరైనా సామ్రాజ్యం బాగు చేసింది అని తప్పుగా రాస్తే మళ్లీ దిద్దించే ఓపిక నాకు లేదు.

ఒక ఆదివారం వచ్చి డబ్బాలో సజ్జప్పం తీసుకుని, అడక్కుండానే, కొరికింది. నేను దారం ఎక్కిస్తున్నాను. సూది బెజ్జం కనిపించలేదు. కళ్లజోడు తుడుచుకోవాల్సి వచ్చింది.

వదులు

చాలాకాలానికి జాహ్నవి ఆ గన్నేరుపువ్వు రంగు దుస్తులున్న సంచి పట్టుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి, సంచి వంక చూస్తూ, "ఆంటీ, వదులు చెయ్యాలి" అంది.

ఆ మాట నాకు ఎన్ని వేలసార్లు వినిపించి ఉంటుందో. అంత బాగా ఎప్పుడూ వినిపించలేదు.

కుట్లు విప్పి చూస్తే, వన్‌టౌన్ మహానుభావుడు లోపలి మడతలో నేను వదిలిన గుడ్డను కత్తిరించి పారేశాడు. పెరిగే పిల్ల దుస్తుల్లో గుడ్డ కత్తిరించిన మనిషిని నేను టైలరని పిలవను. పిల్ల ముఖం మాడిపోయింది. నేను బీరువా తెరిచి అదే చీరలో మిగిలిన ముక్క తీశాను. నేను ఏదీ పారేయను. అవమానాలూ అంతే, గుడ్డముక్కలూ అంతే.

రెండు పక్కలా పట్టీలు వేసి అతికాను.

"అతుకు కనిపిస్తుందా ఆంటీ?"

"వడ్డాణం కిందికి పోతుంది. కనిపిస్తే మాత్రం ఏంటే? వదులు చేయించుకున్నావని తెలుస్తుంది, అంతేగా."

పద్మజ గారి క్లాసు కూడా ఈలోగా మారింది. ఒక పిల్ల తండ్రి కంకిపాడు నుంచి చక్కెరకేళి గెల పంపిస్తారు. అది గుమ్మం పక్కనే వేలాడుతూ ఉంటుంది, వచ్చిన పిల్ల పండు తిన్నాకే గజ్జె కడుతుంది. పళ్లెం మాట ఇప్పుడు వినపడదు. రంగప్రవేశం మళ్లీ ఖాయం చేసి ఆవిడే ఫోను చేశారు.

"కార్డు ప్రెస్సుకి వెళ్తోందండీ. ఈసారి య-వత్తు నేను దగ్గరుండి చూసుకుంటాను."

"వద్దండీ. ఆహారం అనే వేయించండి."

"అదేంటండీ! ఇన్నేళ్లుగా దానికోసమే కదా నన్ను తిన్నారు?"

"ఈసారి ఆహారమే."

కార్డు వచ్చింది. "ఆహార్యం: శ్రీమతి సామ్రాజ్యం." ప్రెస్సు అతనికి ఫోను చేశాను. ఎంతో గర్వంగా, "మేడం తప్పు రాసిచ్చారండీ, నేనే కనిపెట్టి దిద్దాను. పోయినసారి గొడవైంది కదా!" అన్నాడు. తప్పు కావాలన్నప్పుడు కూడా నా పేరు దగ్గర సరిగ్గా వేసేవాడు లేడు.

రంగప్రవేశం రోజు ఆ కార్డును ఎవరో గ్రీన్‌రూము అద్దానికి అంటించారు. ముఖానికి రంగు వేయడం అయింది, కళ్లు దిద్దడం అయింది. పెదవులు మిగిలాయి. దుస్తుల మీద తువ్వాలు కప్పి, ఇడ్లీ పొట్లం విప్పి జాహ్నవి ఒళ్లో పెట్టాను. హాలు నిండింది. తల్లి, తండ్రి, నాయనమ్మ ముందు వరసలో ఉన్నారు. పద్మజ గారు గుమ్మంలో నిలబడి ఒక్కసారి కూడా గడియారం చూడలేదు.

"ఇంకా అద్దం వంక అలా చూస్తారేంటి ఆంటీ? కార్డు గురించేనా?" అంది జాహ్నవి.

"వాడికి చెప్పాను, ఆహారం అని వేయరా అని..."

కనుబొమలు దిద్దే పెన్సిలు నా చేతిలోంచి తీసుకుంది. వంగి, అద్దం మీద కార్డులో య-వత్తును నల్లగా కొట్టేసింది.

"ఇప్పుడు సరిపోయిందా?"

"నోరు మూసుకుని తిను."

"నోరు మూసుకుని ఎలా తింటానాంటీ?" అని నవ్వి, పొట్లంలోకి చెయ్యి పెట్టింది.

ఖాళీ అయ్యేదాకా ఆగాను. అప్పుడు పెదవులు వేశాను.